సర్దుబాటు స్ప్రింగులతో స్పోర్ట్స్ కారు ఎత్తు తగ్గించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కారుతో వచ్చిన కంపెనీ షాకులను (షాక్ అబ్జార్బర్లను) అలాగే ఉంచి, ఎత్తు మార్చుకోగల స్ప్రింగు కిట్ వేయాలనుకునేవారి కోసం ఈ పేజీ. మొత్తం కాయిల్‌ఓవర్ సెట్ వేసేవారికి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. బోల్టుల టార్క్ (ఎంత బలంతో బిగించాలో చెప్పే కొలత) మాత్రం ఇక్కడ ఇవ్వడం లేదు. అది కారు కారుకీ మారుతుంది కాబట్టి మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్నదే పాటించండి.

సర్దుబాటు స్ప్రింగు కిట్ అంటే ఏమిటి? మామూలు లోయరింగ్ స్ప్రింగులకీ, కాయిల్‌ఓవర్లకీ దీనికీ తేడా ఏమిటి?

లోయరింగ్ స్ప్రింగు అంటే పొట్టి స్ప్రింగు. దాన్ని వేశాక వచ్చిన ఎత్తే ఎత్తు, ఆ తర్వాత మార్చడానికి ఏమీ ఉండదు. కాయిల్‌ఓవర్లో షాక్, స్ప్రింగు రెండూ కొత్తవే. షాక్ ఒంటి మీదే మర కోసి ఉంటుంది, స్ప్రింగు సీటు ఆ మర మీద పైకీ కిందికీ తిరుగుతుంది.

సర్దుబాటు స్ప్రింగు కిట్ ఈ రెండింటికీ మధ్య రకం. కంపెనీ షాక్ మీద మర ఉన్న స్లీవ్ తొడుగుతారు. దాని మీద స్ప్రింగు సీటు, దాన్ని కదలకుండా పట్టే లాక్ రింగు ఉంటాయి. వెనుక స్ప్రింగు, షాక్ విడివిడిగా ఉండే కార్లలో స్ప్రింగు కిందో పైనో మర ఉన్న సీటు వస్తుంది. కేడబ్ల్యూ, హెచ్ అండ్ ఆర్ వంటి సంస్థలు ఈ రకం కిట్లు తయారు చేస్తాయి. ఎలక్ట్రానిక్ షాకులున్న స్పోర్ట్స్ కార్లకు ఇవి బాగా కుదురుతాయి. ఆ ఖరీదైన షాకులు, డ్రైవింగ్ మోడ్‌లు చెడకుండా ఎత్తు ఒక్కటే మీ చేతికి వస్తుంది.

ఎంత తగ్గించాలి?

చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఇదే. దీనికి ముందు అడగాల్సింది ఇంకొకటుంది: తగ్గించాక చక్రం పైకి కదలడానికి ఎంత జాగా మిగులుతుంది?

షాక్ కడ్డీ చుట్టూ నురుగులా ఉండే పాలీయురెథేన్ ముక్క బంప్ స్టాప్. షాక్ బాగా నొక్కుకున్నప్పుడు చివర్లో దెబ్బను అదే తీసుకుంటుంది. మీ కారు నిలబడి ఉన్నప్పుడు బంప్ స్టాప్ తగిలేలోపు 45 మి.మీ. ఖాళీ ఉందనుకుందాం. 20 మి.మీ. తగ్గిస్తే 25 మిగులుతుంది. 40 తగ్గిస్తే మిగిలేది 5 మి.మీ. మాత్రమే. అప్పుడు చిన్న ఎగుడుదిగుడుకే కారు స్ప్రింగు మీద కాకుండా బంప్ స్టాప్ మీద నడుస్తుంది. కుదుపు ఒక్కటే కాదు నష్టం. మలుపు మధ్యలో బయటి వైపు షాక్ బంప్ స్టాప్‌కు తగిలితే ఆ మూల ఒక్కసారిగా బిగుసుకుపోయి టైరు పట్టు వదిలేస్తుంది. ముందు తగిలితే కారు తిరగనంటుంది, వెనుక తగిలితే తోక విసురుతుంది.

రోడ్డు మీద నడిచే స్పోర్ట్స్ కారుకు కంపెనీ ఎత్తు నుంచి 15 నుంచి 25 మి.మీ. తగ్గింపు సరిపోతుందని మా అభిప్రాయం. చక్రానికీ ఫెండరుకీ మధ్య ఖాళీ కంటికి బాగా తగ్గినట్టు కనిపించడానికి అంత చాలు. కిట్‌తో వచ్చిన కాగితంలో అనుమతించిన పరిధి ఉంటుంది. అది 20 నుంచి 40 అని ఉంటే 20 దగ్గర మొదలుపెట్టండి. 40 దాకా దించితే కారు నడవదని కాదు, కానీ మంచి రోడ్డు తప్ప మరేదీ దానికి పనికిరాదు.

మిగిలిన జాగా చూడటానికి తేలికైన పద్ధతి ఒకటుంది. దుమ్ము తొడుగు పైకి జరిపి షాక్ కడ్డీకి సన్నని జిప్ టై వదులుగా కాకుండా కట్టి, షాక్ ఒంటి దాకా కిందికి నెట్టండి. ఎప్పుడూ వెళ్లే దారిలో ఓసారి తిరిగొచ్చి, టై ఎంత దూరం జరిగిందో చూడండి. బంప్ స్టాప్ దాకా జరిగి, దాని మీద బలమైన గుర్తు పడితే ఎత్తు పెంచాల్సిందే.

ఎత్తు తగ్గిస్తే హ్యాండ్లింగ్ నిజంగా మెరుగవుతుందా?

అవుతుంది, కానీ అనుకున్నంత కాదు. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారే బరువు మూడింటి మీద ఆధారపడుతుంది: కారు బరువు, గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టు లెక్కించే బిందువు) ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పు (ట్రాక్). 1,400 కిలోల కారు, గరిమనాభి 480 మి.మీ. ఎత్తులో, ట్రాక్ వెడల్పు 1,550 మి.మీ. అనుకోండి. ఒక జీ మలుపులో, అంటే పక్కకు తోసే బలం కారు బరువంత ఉన్నప్పుడు, సుమారు 4,250 న్యూటన్ల భారం బయటికి మారుతుంది. గరిమనాభిని 25 మి.మీ. దించితే అది సుమారు 4,030 న్యూటన్లకు తగ్గుతుంది. అంటే దాదాపు 5 శాతం.

డ్రైవరు వెంటనే గుర్తుపట్టే మార్పు ఎక్కువగా గట్టి స్ప్రింగు నుంచీ, కొత్త అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) నుంచీ వస్తుంది. స్టీరింగు తిప్పగానే కారు స్పందించడం, బ్రేకు వేస్తే ముక్కు తక్కువగా వాలడం వాటి ఫలితాలే.

ఎత్తు బాగా తగ్గించాక కొన్ని కార్లు మలుపుల్లో ఇంకా ఎక్కువ ఒరుగుతాయి. ఎందుకు?

మాక్‌ఫర్సన్ స్ట్రట్ (షాక్, స్ప్రింగు ఒకే ముక్కగా ఉండి చక్రాన్ని పైనుంచి పట్టే రకం) ఉన్న కార్లలో ఇది సాధారణం. బాడీ ఒరగడం రోల్ సెంటర్ అనే బిందువు చుట్టూ జరుగుతుంది. దాని ఎత్తును కింది ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు బాడీకి కలిపే చేయి) వాలు నిర్ణయిస్తుంది. కంపెనీ ఎత్తులో ఆర్మ్ చక్రం వైపు కొంచెం కిందికి వాలి ఉంటుంది. కారును దించేకొద్దీ ఆర్మ్ అడ్డంగా అయి, తర్వాత చక్రం వైపు పైకి లేస్తుంది. అప్పుడు రోల్ సెంటర్ గరిమనాభి కంటే వేగంగా పడిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగేసరికి ఒరగడానికి చేదోడు కూడా పెరుగుతుంది.

కాబట్టి ఎత్తు సర్దాక కారు నేల మీద ఉండగా కిందికి వంగి ఆర్మ్‌ను చూడండి. లోపలి బుష్ (ఆర్మ్‌ను బాడీకి కలిపే రబ్బరు కీలు) మధ్య నుంచి బయటి బాల్ జాయింట్ మధ్యకు గీత ఊహించుకోండి. బయటి చివర పైకి ఉంటే హద్దు దాటినట్టే. పొడవైన కాడ ఉన్న రోల్ సెంటర్ బాల్ జాయింట్లు కొన్ని మోడళ్లకు దొరుకుతాయి. వాటితో పాటు స్టీరింగ్ టై రాడ్ చివర్లు కూడా అంతే కిందికి రావాలి. లేదంటే గుంత మీద చక్రం లేచినప్పుడల్లా దానంతటదే తిరిగే బంప్ స్టీర్ మొదలవుతుంది. చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టే డబుల్ విష్‌బోన్ కార్లలో ఈ బాధ తక్కువ.

సీటు పైకి తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందా?

గట్టిపడదు. ఈ అపోహ బాగా పాతుకుపోయింది. ఒకే రేటు (ఒక మి.మీ. నొక్కడానికి కావాల్సిన బలం) ఉన్న స్ప్రింగును 10 మి.మీ. నొక్కడానికి ఎంత బలం కావాలో సీటు ఎక్కడున్నా అంతే కావాలి. దాని మీద కూర్చునే కారు బరువు మారలేదు కాబట్టి స్ప్రింగు అంతే నొక్కుకుంటుంది, సీటుతో పాటు కారు లేస్తుంది. చక్రం గాల్లో వేలాడేటప్పుడు స్ప్రింగులో ముందే ఉండే నొక్కు, అంటే ప్రీలోడ్, మాత్రం మారుతుంది. రేటు క్రమంగా పెరిగే ప్రోగ్రెసివ్ స్ప్రింగులో కూడా నిలబడిన కారు బరువు దగ్గర రేటు అదే.

రేటును న్యూటన్/మి.మీ.లో చెబుతారు. కొందరు తయారీదారులు కేజీ/మి.మీ. వాడతారు. 1 కేజీ/మి.మీ. అంటే 9.81 న్యూటన్/మి.మీ. కొలతలు పోల్చేటప్పుడు ఇది మరిచిపోతే పదింతల తేడా వస్తుంది.

గట్టి స్ప్రింగులను కంపెనీ షాకులు తట్టుకుంటాయా?

కిట్ మీ కారు షాక్ నంబరుకు ఆమోదించినదైతే, షాకులు మంచి స్థితిలో ఉంటే తట్టుకుంటాయి. స్ప్రింగు గట్టిపడేకొద్దీ అది తిరిగి సాగే బలం పెరుగుతుంది. దాన్ని ఆపాల్సింది షాక్‌లోని రీబౌండ్ నిరోధం. అది చాలకపోతే గుంత దాటాక కారు రెండు మూడు సార్లు ఊగుతుంది. ఆయిల్ చెమర్చిన షాక్ మీద, కడ్డీకి గీతలు పడిన షాక్ మీద కొత్త స్ప్రింగు వేయకండి. పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

ఎత్తు తగ్గిన కారులో షాక్ పిస్టన్ ఎప్పుడూ కింది భాగంలో పనిచేస్తుంది. ఎక్కువ దూరం నడిచిన షాకులతో మొదలుపెట్టేవారు ఈ సందర్భంలోనే కొత్తవి వేసుకోవడం మేలు.

పనికి ఏమేం కావాలి?

తక్కువ ఎత్తులో దూరే హైడ్రాలిక్ జాక్, నాలుగు జాక్ స్టాండ్లు, రెండు చక్రాల అడ్డు చెక్కలు. రెండు టార్క్ రెంచులు ఉంటే మంచిది: చిన్న బోల్టులకు ఒకటి, పెద్దవాటికి ఒకటి. స్ప్రింగు కంప్రెసర్, సాకెట్ సెట్, అలెన్ కీలు, కిట్‌తో వచ్చే హుక్ పానా, తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్షు, స్టీలు కొలత టేపు, తెల్ల మార్కర్.

విడిభాగాల్లో షాక్ పై నట్లు, నకిల్ (హబ్‌ను మోసే భాగం) బోల్టులు, యాంటీ రోల్ బార్ (ఎడమ కుడి చక్రాలను కలిపి ఒరగడం తగ్గించే కడ్డీ) లింకు నట్లు కొత్తవి తెచ్చుకోండి. సెల్ఫ్ లాకింగ్ నట్లూ, టార్క్ తర్వాత కోణం తిప్పి బిగించే బోల్టులూ ఒకసారి సాగాక మళ్లీ అదే పట్టు ఇవ్వవు. విప్పినప్పుడు టాప్ మౌంట్ (స్ట్రట్ పై చివరను బాడీకి పట్టే భాగం) బేరింగు, దుమ్ము తొడుగు, బంప్ స్టాప్ చూసి, అరిగిపోతే అప్పుడే మార్చేయాలి. మళ్లీ విప్పడానికి అంత పనీ మొదటి నుంచి చేయాలి.

విప్పే ముందు ఏం కొలవాలి?

చదునైన నేల మీద, టైర్లలో సరైన గాలితో, కారులో మామూలుగా ఉండే సామానుతో నాలుగు మూలలా కొలవండి. చక్రం మధ్య బిందువు నుంచి నిలువుగా ఫెండర్ అంచు దాకా. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కూడా లెక్కలోకి వచ్చి తప్పుదారి పట్టిస్తాయి. రాసి పెట్టుకున్న ఈ నాలుగు అంకెలు తర్వాత ప్రతి పనికీ ఆధారం. వీలైతే పాత అలైన్‌మెంట్ కాగితం కూడా దాచుకోండి.

ముందు స్ట్రట్ మార్చే క్రమం ఏమిటి?

చక్రాల నట్లు నేల మీదే పావు చుట్టు వదులు చేయండి. కారు లేపి, తయారీదారు చూపిన చోటే స్టాండ్లు పెట్టి, జాక్ నుంచి బరువు స్టాండ్ల మీదికి దించండి. జాక్ మీద ఆధారపడిన కారు కిందికి చేయి కూడా పోనివ్వకండి.

చక్రం తీశాక స్ట్రట్‌కు కట్టి ఉన్న ఏబీఎస్ వైరు, బ్రేకు గొట్టం క్లిప్పు, హెడ్‌లైట్ లెవెల్ సెన్సర్ లింకు, ఎలక్ట్రానిక్ షాక్ అయితే దాని ప్లగ్ విడదీయండి. యాంటీ రోల్ బార్ లింకును రెండు వైపులా ఒకేసారి విప్పండి. ఒక్క వైపే విప్పితే బార్ మెలిపడి బోల్టు బయటికి రాదు.

తర్వాత హబ్ కింద రెండో జాక్ ఆనించండి. ఆసరా లేకుండా హబ్ వేలాడితే బ్రేకు గొట్టం సాగుతుంది. ముందు చక్రాలకు శక్తి వెళ్లే కార్లలో డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడిపోవచ్చు కూడా. నకిల్ దగ్గర రెండు బోల్టుల రకమైతే వాటి స్థానం మార్కర్‌తో గీసుకోండి, పై రంధ్రంలో ఉండే కొద్దిపాటి వదులే క్యాంబర్‌ను (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలే కోణం) మార్చేస్తుంది. బిగింపు రకమైతే చీలికను తగిన పనిముట్టుతో కొంచెం తెరిచి, స్ట్రట్ ఎంత లోతు దిగి ఉందో గుర్తు పెట్టుకోండి. చివరగా పైన బాడీలో స్ట్రట్ బిగించే చోట ఉండే టవర్ నట్లు విప్పి స్ట్రట్‌ను దించండి. ఇక్కడ విప్పేది అంచున ఉన్న చిన్న నట్లను మాత్రమే, మధ్యలోని పెద్ద నట్టును ముట్టుకోకూడదు.

ఇప్పుడొచ్చేది మొత్తం పనిలో ప్రమాదకరమైన భాగం. కంపెనీ స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. మధ్య నట్టు విప్పితే అది టాప్ మౌంట్‌ను తుపాకీ గుండులా విసురుతుంది. కంప్రెసర్ కొక్కేలను ఎదురెదురుగా తగిలించి, ఒక్కో వైపు రెండు మూడు చుట్ల చొప్పున మార్చి మార్చి చేత్తోనే బిగించండి. స్ప్రింగు సీట్ల మధ్య వదులుగా కదిలే దాకా ఆగి, ఆ తర్వాతే మధ్య నట్టు విప్పండి. ఆ సమయంలో ముఖం, ఛాతీ స్ట్రట్ చివరకు ఎదురుగా ఉండకూడదు. కడ్డీ తిరగకుండా అలెన్ కీతో పట్టుకోండి. ఇంపాక్ట్ గన్ వాడితే కడ్డీ వేగంగా తిరిగి లోపలి సీలు దెబ్బతింటుంది.

షాక్ ఒంటిని బ్రష్షుతో శుభ్రం చేసి స్లీవ్ తొడగండి. కింద మట్టి గానీ తుప్పు గానీ ఉంటే స్లీవ్ వంకరగా కూర్చుని తర్వాత టిక్కుమంటుంది. బంప్ స్టాప్‌ను కిట్ సూచన చెబితేనే, చెప్పినంతే కోయండి. బంప్ స్టాప్, దుమ్ము తొడుగు, కొత్త స్ప్రింగు, టాప్ మౌంట్ వరుసగా పెట్టి, స్ప్రింగు చివర సీటులోని మెట్టుకు ఆనిందో లేదో చూసి, మధ్య నట్టును మాన్యువల్ టార్క్‌కు బిగించండి. తిరిగి అమర్చడం విప్పినదానికి ఎదురు క్రమం.

వెనుక పని తేలికేనా?

స్ప్రింగు విడిగా ఉండే మల్టీలింక్ (చక్రాన్ని అనేక ఆర్మ్‌లు పట్టే రకం) అయితే చాలావరకు తేలికే. ఆర్మ్ కింద జాక్ పెట్టి, షాక్ కింది బోల్టు, అవసరమైతే ఆర్మ్ బయటి బోల్టు తీసి, జాక్‌ను మెల్లగా దించితే స్ప్రింగు బయటికొస్తుంది. ఒక్కటి తప్పకుండా చూడాలి: అమర్చాక చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కొత్త స్ప్రింగు సీటులో పట్టుగా ఉందా? చేత్తో కదిపితే పక్కకు జరిగితే, పెద్ద గుంతలో అది సీటు నుంచి తప్పుకోగలదు. సన్నని హెల్పర్ స్ప్రింగు ఆ వదులును తీసుకోవడానికే ఉంటుంది. కిట్‌లో అది వస్తే తీసి పక్కన పెట్టకండి.

బుష్ బోల్టులను కారు నేల మీద ఉండగానే బిగించాలని ఎందుకంటారు?

ఆర్మ్ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. అది బేరింగులా తిరగదు, మెలిపడి తిరిగొస్తుంది. చక్రం వేలాడుతుండగా బోల్టు బిగిస్తే రబ్బరు ఆ కోణంలోనే స్థిరపడుతుంది. కారును దించగానే అది ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. కొన్ని నెలలకు చిరుగుతుంది. అంతకన్నా ముందే ఇంకో చికాకు: మెలిపడిన రబ్బరు అదనపు స్ప్రింగులా కారును పైకి ఎత్తి పట్టుకుంటుంది. స్ప్రింగు తప్పేమీ లేకపోయినా లెక్క ప్రకారం రావాల్సిన ఎత్తు రాదు. చక్రాలను ర్యాంపుల మీద నిలిపి గానీ, జాక్‌తో హబ్‌ను నడిచే ఎత్తుకు లేపి గానీ చివరి బిగింపు ఇవ్వండి. తర్వాత ఎత్తును 10 మి.మీ. మించి మార్చితే వదులు చేసి మళ్లీ బిగించాలి.

సీటు ఒక చుట్టు తిప్పితే ఎత్తు ఎంత మారుతుంది?

మర అంతరం చాలా కిట్లలో 1.5 లేదా 2 మి.మీ. స్ట్రట్ ఉన్న చోట సీటు ఎంత కదిలితే కారు దాదాపు అంతే కదులుతుంది. విడి స్ప్రింగు ఉన్న చోట లెక్క వేరు, ఎందుకంటే స్ప్రింగు ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది. చక్రం 10 మి.మీ. కదిలితే స్ప్రింగు 7 మి.మీ. కదిలే కారులో ఆ నిష్పత్తి 0.7. అక్కడ సీటును 7 మి.మీ. దించితే ఫెండర్ 10 మి.మీ. దిగుతుంది. 2 మి.మీ. మర ఒక్క చుట్టుకు దాదాపు 3 మి.మీ. తేడా తెస్తుంది. స్ప్రింగు గట్టిదనం చక్రం దగ్గర తెలిసేది ఈ నిష్పత్తి వర్గం మేరకే: 60 న్యూటన్/మి.మీ. స్ప్రింగు అక్కడ చక్రానికి 29 మాత్రమే. వెనుక స్ప్రింగు అంకె పెద్దగా ఉందని బెదిరిపోనక్కర్లేదు.

బరువు మీద ఉన్నప్పుడు సీటు తిప్పకండి, మర చెడుతుంది. చక్రం గాల్లో ఉంచి, మరలు తుడిచి, లాక్ రింగు వదిలి తిప్పండి.

ఎత్తు సర్దాక కొలిస్తే ఇంకా ఎక్కువే ఉంది. స్ప్రింగు తప్పుదా?

జాక్ నుంచి దించిన వెంటనే కొలిస్తే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. వేలాడినప్పుడు చక్రాలు లోపలికి వచ్చి ఉంటాయి. నేల మీద టైరు రాపిడి వాటిని మళ్లీ బయటికి జరగనివ్వదు. కారును ముందుకూ వెనక్కూ రెండు మీటర్లు తోసి, నాలుగు మూలలా నొక్కి వదిలి అప్పుడు కొలవండి. మొదటి కొన్ని వందల కి.మీ.లో రబ్బరు సీట్లు, మౌంట్లు సర్దుకుని ఇంకొన్ని మి.మీ. దిగడం మామూలే.

నాలుగు మూలలా ఒకే ఎత్తు వస్తే చాలదా? బరువు తూకం దేనికి?

రోడ్డు వాడకానికి ఎడమ కుడి తేడా 5 మి.మీ. లోపు ఉంటే చాలు. ట్రాక్ మీద నడిపేవారు మాత్రం నాలుగు తూకాల మీద నిలిపి సర్దాలి. నాలుగు కాళ్ల బల్ల మీద ఒక కాలు పొట్టిదైతే బరువు మూలకు మూల ఎదురుగా ఉన్న రెండు కాళ్ల మీదికి వెళ్లినట్టే ఇక్కడా జరుగుతుంది.

డ్రైవరు సీట్లో ఆయన బరువు పెట్టి, ట్యాంకు సగం నింపి, యాంటీ రోల్ బార్ లింకు ఒక వైపు విప్పి తూచండి. ఎడమ ముందు 398, కుడి ముందు 372, ఎడమ వెనుక 318, కుడి వెనుక 332 కిలోలు వచ్చాయనుకుందాం. మొత్తం 1,420. కుడి ముందు, ఎడమ వెనుక కలిపితే 690, అంటే 48.6 శాతం. ఇది 50కి అర శాతం అటూ ఇటూ రావాలి. కుడి ముందు, ఎడమ వెనుక సీట్లు అర చుట్టు పైకి, మిగతా రెండూ అర చుట్టు కిందికి తిప్పి మళ్లీ తూచండి. ఇలా నాలుగింటినీ కలిపి మారిస్తే సగటు ఎత్తు చెడదు. ముందు వెనుక నిష్పత్తి, ఎడమ కుడి నిష్పత్తి సీట్లు తిప్పితే మారవు. అవి బ్యాటరీ లాంటి బరువైనవాటి చోటు మార్చితేనే మారతాయి. లింకును చివర్లో బిగించేటప్పుడు బోల్టు చేత్తో దూరాలి. దూరకపోతే సర్దుబాటు లింకు కావాలి, లేదంటే మీరు సరిచేసిన తూకాన్ని బార్ మళ్లీ చెడగొడుతుంది.

అలైన్‌మెంట్ తప్పనిసరా?

తప్పనిసరి. ఎత్తు మారితే క్యాంబర్, టో (పైనుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) రెండూ మారతాయి. చాలామంది క్యాంబర్‌ను నిందిస్తారు గానీ టైరును వేగంగా తినేది టో. ఒక చక్రంలో 0.1 డిగ్రీ టో తప్పు ఉన్నా ఆ టైరు ప్రతి కి.మీ.కీ దాదాపు 1.75 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతున్నట్టు లెక్క. చక్రం పైకి లేచేకొద్దీ ముందు టో బయటికి, వెనుక టో లోపలికి మారేలా చాలా కార్లను రూపొందిస్తారు. దించిన కారులో ఆ మార్పు శాశ్వతంగా ఉండిపోతుంది.

స్ట్రట్ కారులో 25 మి.మీ. తగ్గింపు అర డిగ్రీ ప్రాంతంలో నెగటివ్ క్యాంబర్ (చక్రం పై భాగం లోపలికి వాలడం) కలుపుతుంది. రోడ్డుకు ముందు మైనస్ 1 నుంచి 1.5 డిగ్రీలు బాగుంటుంది. వెనుక కొంచెం టో-ఇన్ (ముందు భాగం లోపలికి) ఉంచాలి, తిన్నని రోడ్డులో కారు నిలకడగా సాగేది దానివల్లే. వెనుక క్యాంబర్ మరీ ఎక్కువై కంపెనీ సర్దుబాటు చాలకపోతే సర్దుబాటు ఆర్మ్‌లు వేయాలి.

అమర్చిన రోజే టో ఒక్కటైనా సరిచేయించండి. స్ప్రింగులు సర్దుకున్నాక, 300 నుంచి 500 కి.మీ. తర్వాత పూర్తి అలైన్‌మెంట్ చేయించండి. అప్పుడే చక్రాల నట్లు, టవర్ నట్లు, లాక్ రింగులు కూడా మరోసారి చూడాలి. అలైన్‌మెంట్ తర్వాత ఎత్తు మార్చాలనిపిస్తే మళ్లీ అలైన్‌మెంట్ చేయించాలి, అందుకే ఎత్తు ముందే తేల్చుకోండి.

శబ్దాలు వస్తున్నాయి. ఎక్కడ వెతకాలి?

స్టీరింగు తిప్పినప్పుడు టంగుమని స్ప్రింగు విడిచినట్టు వినిపిస్తే టాప్ బేరింగు పట్టేసింది, లేదా వాషర్లు తప్పు వరుసలో పడ్డాయి. చిన్న గతుకుల మీద టకటక అంటే యాంటీ రోల్ బార్ లింకు నట్టు, ఆ తర్వాత షాక్ మధ్య నట్టు. పెద్ద గుంత నుంచి లేచేటప్పుడు ఒక్క దెబ్బ వినిపిస్తే వెనుక స్ప్రింగు సీటులో వదులవుతోంది. మెల్లగా ఎక్కి దిగేటప్పుడు కిర్రుమంటే మెలిపడిన బుష్. దబ్‌మనే మొద్దు శబ్దం బంప్ స్టాప్‌ది, దానికి మందు ఎత్తు పెంచడమే.

టైరు ఫెండర్ లోపల రాసుకుంటోంది.

ఎక్కడ రాస్తోందో చూస్తే కారణం తెలుస్తుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్ లైనరుకు తగిలితే లైనరు క్లిప్పు సర్దితే చాలు. గుంతలో ఫెండర్ అంచుకు తగిలితే ఎత్తు, చక్రం ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి కూర్చుందో చెప్పే కొలత) లేదా క్యాంబర్ మార్చాలి. ఆ కోత టైరు పక్క గోడకు పడుతుంది, కాబట్టి అలా నడపకండి. చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు వేయాలనుకునేవారు ముందు ఎత్తు తేల్చుకుని, ఒక స్ప్రింగు తీసేసి చక్రాన్ని జాక్‌తో బంప్ స్టాప్ దాకా లేపి ఖాళీ కొలుచుకోవాలి.

హెడ్‌లైట్లు, కెమెరాల సంగతి?

ముందు వెనుక సమానంగా దిగితే దీపం కోణం మారదు. తేడా వస్తే మారుతుంది. 2,450 మి.మీ. వీల్‌బేస్ కారులో వెనుక వైపు ముందుకన్నా 20 మి.మీ. ఎక్కువ దిగితే, 10 మీటర్ల దూరంలో వెలుతురు గీత దాదాపు 8 సెం.మీ. పైకి లేస్తుంది. ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడేది అదే. ఆటోమేటిక్ లెవెల్ ఉన్న కారులో సెన్సర్ లింకు పొడవు సర్ది, స్కాన్ టూల్‌తో కొత్త సున్నా నేర్పించాలి. లేన్ కెమెరా, రాడార్ ఉన్న కార్లకు తయారీదారు పద్ధతిలో కాలిబ్రేషన్ చేయించండి.

అదే 20 మి.మీ. తేడా క్యాస్టర్‌ను (పక్క నుంచి చూస్తే స్టీరింగు అక్షం వెనక్కి వాలే కోణం) కూడా దాదాపు అర డిగ్రీ మారుస్తుంది. వెనుక ఎత్తుగా, ముక్కు వాల్చి పెట్టిన కారులో క్యాస్టర్ తగ్గి, మలుపు తర్వాత స్టీరింగు తిన్నగా తిరిగొచ్చే బలం తగ్గుతుంది.

బీమాకు చెప్పాలా?

చెప్పాలి, రాతపూర్వకంగా. ఎంత తగ్గింపు వరకు చెల్లుతుంది, కిట్‌కు ఏ ఆమోద పత్రం కావాలి అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కొనే ముందే కనుక్కోండి, పత్రాన్ని కారులోనే ఉంచండి.

ఏడాది తర్వాత సీటు తిరగడం లేదు. ఏం చేయాలి?

మట్టి, ఉప్పు చేరి మర పట్టేసింది. అల్యూమినియం రింగు స్టీలు స్లీవ్ మీద ఉంటే రెండు లోహాల మధ్య తుప్పు కూడా తోడవుతుంది. హుక్ పానా మీద గొట్టం తొడిగి బలం పెంచకండి, రింగు గాడి తెగుతుంది. చక్రం తీసి, మరలను నీళ్లు, నైలాన్ బ్రష్షుతో కడిగి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. స్ప్రింగు కంప్రెసర్‌తో సీటు మీది బరువు తగ్గించి, ముందు బిగించే వైపు కొంచెం, తర్వాత వదులు వైపు, ఇలా అటూ ఇటూ ఆడించండి. కదిలాక మరలన్నీ తుడిచి, దుమ్ము అంటని డ్రై లూబ్రికెంట్ పూయండి. గ్రీజు పూస్తే ఇసుక అంటుకుని మళ్లీ మొదటికొస్తుంది. ఏడాదికి రెండుసార్లు, టైర్లు ముందువి వెనక్కి మార్చేటప్పుడో బ్రేకులు చూసేటప్పుడో, సీటును రెండు చుట్లు తిప్పి తిరిగి అదే గుర్తుకు తెస్తే ఈ పరిస్థితి రాదు. అందుకే అమర్చిన రోజే సీటు స్థానాన్ని స్లీవ్ పై అంచు నుంచి కొలిచి, నాలుగు అంకెలూ రాసి పెట్టుకోండి.